పక్కింటి కుక్కలు మన పెరట్లోకి రాకుండా: దడి దగ్గర నుంచి దరఖాస్తు దాకా

ఫిబ్రవరిలో ఒక పొద్దున మా అత్తగారు పెరట్లో నులక మంచం మీద పాత చీర పరిచి గుమ్మడి వడియాలు పెట్టారు. పొయ్యి మీద పాలు చూసుకుని వచ్చేసరికి పక్కింటి నల్లకుక్క ముందుకాళ్లు మంచం పట్టె మీద వేసి వడియాలు నాకుతోంది. దాని జత గోధుమరంగుది తులసికోట దగ్గర కాలెత్తింది. వడియాలు పోతే పోయాయి. అక్కడే మా చిన్నవాడు అరటిపండు పట్టుకుని నిలబడి ఉన్నాడు. వాడికి నాలుగేళ్లు. వాడి మొహం, నల్లదాని మొహం ఒకే ఎత్తులో ఉన్నాయి. అది వాణ్ణి ఏమీ చేయలేదు. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మాది అమలాపురం దగ్గర పల్లె. ఇంటి చుట్టూ కొబ్బరిమట్టల దడి, ముందు ఇనప గేటు, పెరట్లో నాలుగు నాటుకోళ్లు. ఆ కుక్కలు మానడానికి మాకు మూడు నెలలు పట్టింది. అందులో రెండు నెలలు తప్పు పనులతోనే గడిచాయి: అరిచాం, తరిమాం, కనబడిన చిట్కా అల్లా చేశాం. అసలు చేయాల్సినవి చేశాక మూడు వారాల్లో ఆగిపోయాయి. ఆ వరుసే ఇక్కడ రాస్తున్నాను. వరుస ముఖ్యం. దడి కట్టడంతో మొదలుపెడితే డబ్బు దండగ, పోలీసు స్టేషన్‌తో మొదలుపెడితే పక్కింటితో జన్మలో మాటలుండవు.

మొదటి పని: ఎటు నుంచి వస్తున్నాయో చూడడం

కుక్క రోజూ ఒకే దారిన వస్తుంది. ఆ దారి మనం అనుకున్నది కాకపోవచ్చు. మేం గేటు అనుకున్నాం. రాత్రి పడుకోబోయే ముందు గేటు కింద, దడి వెంట, బావి పక్కన అక్కడక్కడా రాతిముగ్గు పలచగా చల్లాను. బియ్యప్పిండి వద్దు, చీమలు పడతాయి, కుక్కలూ నాకుతాయి. తెల్లారి చూస్తే గేటు దగ్గర ముగ్గు చెక్కు చెదరలేదు. అడుగుల గుర్తులన్నీ పడమటి దడి మూల, అరటిబోదెల వెనక ఉన్నాయి. వంగి చూస్తే అక్కడ మట్టలు కుళ్లిపోయి, నా రెండు చేతులు పట్టేంత కంత. మట్ట చీలిక చివర నల్ల వెంట్రుకల కుచ్చు చిక్కుకుని ఉంది. కంత కింద ఇసుక నున్నగా అరిగి, గిన్నెలా గుంట పడింది. ఎన్నాళ్లుగా ఆ దారిన దూరుతున్నాయో ఆ గుంటను చూస్తే తెలిసింది.

మూడు రాత్రులు ఇలా చూడండి. ఏ వేళకు వస్తున్నాయి, ఎన్ని, వచ్చాక నేరుగా ఎక్కడికి పోతున్నాయి అన్నది చిన్న పుస్తకంలో రాసుకోండి. ఫోన్‌లో ఫొటోలు తీయండి, తేదీ దానంతటదే పడుతుంది. ముందు ముందు ఎవరితో మాట్లాడాల్సి వచ్చినా ఈ కాగితమే మనకు బలం.

రెండో పని: మన ఇంట్లో దానికి ఏం దొరుకుతోందో చూడడం

ఊరికే ఏ కుక్కా రాదు. తిండి, నీళ్లు, నీడ, జత, కోళ్లు, లేదా ముందు వచ్చినప్పుడు వదిలిన వాసన. వీటిలో ఏదో ఒకటి ఉంటుంది.

మా ఇంట్లో తిండి. అత్తగారు ఇన్నేళ్లుగా భోజనం అయ్యాక చివరి ముద్ద పెరటి గుమ్మం దగ్గర పెడతారు. "నోరులేని జీవం, ఒక్క ముద్ద పెడితే మనకేం తరిగిపోతుందే?" అంటారు. ఆవిడను ఆపమని ఎలా చెప్పను? కానీ రోజూ పెట్టినా, వారానికి ఒకసారి పెట్టినా కుక్క రోజూ వచ్చి చూసుకుంటుంది. నిజానికి అప్పుడప్పుడు పెట్టడమే ఎక్కువ చేటు, ఈరోజు దొరుకుతుందేమోనని ఆశ వదలదు. చివరికి ఒక దారి దొరికింది. "అత్తయ్యగారూ, ఆ ముద్ద వాళ్ల గుమ్మం దగ్గరే పెడదామండి, వాటికి తిండీ దొరుకుతుంది, మనింటికి రావడమూ మానతాయి" అన్నాను. పక్కింటివాళ్లను అడిగి, మధ్యాహ్నం ఒక చిప్పలో వాళ్ల అరుగు మీద పెట్టి వచ్చేవారు. ఆవిడ మనసు నొప్పించకుండా అయిన పని ఇది. మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా బాగా పనిచేసింది కూడా ఇదే.

మిగతావి త్వరగా చెబుతాను. చేపల పొలుసు, కోడి ఎముకలు పడేసే బకెట్‌కు బిగుతు మూత పెట్టండి, లేదా అరచేయి లోతు కాదు, మోచేయి లోతున పాతిపెట్టండి. గేదెల కుడితి గోలెం మీద చెక్క వేయండి. ఎండాకాలంలో తడి ఇసుక కుప్ప, బావి చప్టా, కుండీల నీడ కుక్కలకు చల్లని పడకలు. ఇసుక మీద ముళ్లకంప పరిచితే పడుకోవు. కోళ్లను చీకటి పడకముందే గూట్లో మూయండి. ఒట్టి గంప బోర్లిస్తే చాలదు, కుక్క మూతితో తోసేస్తుంది, పైన రాయి పెట్టాలి.

వాసన సంగతి వేరే చెప్పాలి. ఒకటి మూత్రం పోసిన చోట మిగతావి వచ్చి పోస్తాయి. అక్కడ ఘాటైన అమోనియా కలిసిన క్లీనర్‌తో కడిగితే ఆ వాసన కుక్కకు మూత్రంలాగే ఉంటుంది, మళ్లీ అక్కడికే వస్తుంది. ముందు ఒట్టి నీళ్లతో బాగా కడిగి, తర్వాత వెనిగర్, నీళ్లు సమంగా కలిపి గచ్చు మీద, గోడ మీద చల్లండి. మొక్కల మొదట్లో పోయకండి, చచ్చిపోతాయి. పెంటను పారతో తీసి కూరమడులకు దూరంగా పాతిపెట్టాలి. అందులో ఏలికపాముల, కొంకిపురుగుల గుడ్లు ఉంటాయి. పిల్లలు చెప్పుల్లేకుండా తిరిగే నేల అది.

ఇంకొకటి. చిత్త కార్తె రోజుల్లో, అంటే అక్టోబరు నడుమ, అకస్మాత్తుగా ఐదారు మగకుక్కలు గుంపుగా వస్తుంటే దగ్గర్లో ఎదకొచ్చిన ఆడకుక్క ఉన్నట్టే. అది మీ కుక్కే అయితే మూడు వారాలు లోపల ఉంచండి. రెండు నెలల తర్వాత మీ గడ్డివామి కింద పిల్లలు పుడితే, ఆ తల్లి దగ్గరికి ఎవరినీ పోనివ్వకండి. ఎంత మెత్తని కుక్కయినా పిల్లలున్నప్పుడు కరుస్తుంది.

మూడో పని: పక్కింటివాళ్లతో మాట్లాడడం

దీన్ని చాలామంది చివరికి నెడతారు, లేదా కోపంలో చేస్తారు. రెండూ తప్పే. కుక్క పెరట్లో ఉండగా, మన చేతిలో కర్ర ఉండగా ఈ మాట ఎత్తకూడదు. సాయంత్రం అరుగు మీద కూర్చున్నప్పుడు వెళ్లాలి. ఇంటిల్లిపాదీ దండెత్తినట్టు కాక ఒక్కరే వెళ్లాలి. నేను వెళ్లినప్పుడు ఇలా నడిచింది:

"బాబాయిగారూ, నల్లోడు, ఎర్రోడు రోజూ తెల్లారుజామున మా పెరట్లోకి వస్తున్నారండి."

"వాళ్లు ఏమీ అనరమ్మా. నల్లోడు మహా మంచోడు."

"మంచోడేనండి. కానీ మా చిన్నాడు చేతిలో తిండి పట్టుకుని తిరుగుతాడు కదండీ. వీడు లాక్కోబోయి పన్ను తగిలినా సూదులు తప్పవు. టీకాలు వేయించారా అండి వాళ్లకి?"

ఆయన కాసేపు మాట్లాడలేదు. వేయించలేదు. అక్కడి నుంచి మాట మారింది. కుక్కను తిడితే యజమానికి ఉక్రోషం వస్తుంది. పిల్లవాడి గురించి, టీకా గురించి అడిగితే ఆలోచన వస్తుంది. నేను ఫొటోలు చూపించాను, కంత మా వైపు మేం మూసుకుంటాం అని ముందే చెప్పాను, ఆయన్ను నాలుగే అడిగాను: రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా కట్టేయడం, పొద్దునా సాయంత్రం తాడుతో తిప్పడం, రేబిస్ టీకా, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించడం.

ఇరవైనాలుగు గంటలూ గొలుసుకు కట్టేయమని మాత్రం అడగకండి. కట్టేసి ఉంచిన కుక్కకు తగినంత వ్యాయామం ఇవ్వకపోవడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద నేరం. పైగా అలా పెరిగిన కుక్క తాడు తెంపుకున్న రోజున అదుపులో ఉండదు.

టీకాకు దూరం పోనక్కర్లేదు. మూడు నెలల వయసులో మొదటిది, తర్వాత బూస్టర్, ఆ పైన ఏటా ఒకటి. జులై 6న జూనోసిస్ దినం (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల దినం) సందర్భంగా రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పశువైద్యశాలల్లో పెంపుడు కుక్కలకు ఉచితంగా రేబిస్ టీకాలు వేస్తుంటారు. 1885లో అదే రోజున లూయీ పాశ్చర్ ఒక పిల్లవాడికి మొదటిసారి రేబిస్ టీకా వేయించాడు. పెంపుడు కుక్కకు టీకా, ఆపరేషన్ చేయించడం యజమాని బాధ్యతేనని 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనల్లో ఉంది. ఆపరేషన్ అయిన మగకుక్క ఆడదాని వాసన పట్టుకుని తిరగడం బాగా తగ్గుతుంది. ఒక్కరోజులో కాదు, కొన్ని వారాలు పడుతుంది.

నాలుగో పని: దారి మూయడం

దడి కుక్క తలను బట్టి కట్టాలి. తల దూరిన చోట ఒళ్లు దూరుతుంది. మూడు వరసల ముళ్లతీగ పశువులకు సరిపోతుందేమో గానీ కుక్కకు అది దారే. వరసల మధ్య నుంచి పడుకుని దూరిపోతుంది. గోడ మీద గాజుపెంకులు అసలే వద్దు, బంతి కోసం ఎక్కిన పిల్లల చేతులు తెగుతాయి.

మేం చేసింది ఇది. పాత దడిని తీయలేదు. దాని లోపలి వైపు రెండు అంగుళాల గళ్ల జీఐ జాలీ (జింకు పూత పూసిన ఇనప వల), మూడు అడుగుల ఎత్తున, బైండింగ్ వైరుతో మట్టలకూ గుంజలకూ జానెడుకొక ముడి చొప్పున కట్టాం. అసలు కిటుకు కింద ఉంది. మాది ఇసుకనేల, కుక్క పావుగంటలో తవ్వేస్తుంది. మొదటిసారి జాలీని అడుగు లోతున నిలువుగా పాతాం. నాలుగో రోజుకే దాని కింద నుంచి సొరంగం. తర్వాత పద్ధతి మార్చాం. జాలీ కింది భాగం అడుగున్నర మేర వంచి, కుక్క వచ్చే వైపుకు నేల మీద పడుకోబెట్టి, దాని మీద నాలుగు అంగుళాల మన్ను, ఆ పైన అక్కడక్కడా ఇటుకముక్కలు వేశాం. కుక్క ఎప్పుడూ దడి మొదట్లోనే తవ్వడం మొదలుపెడుతుంది. గోళ్లకు జాలీ తగులుతుంది. అడుగున్నర వెనక్కి జరిగి తవ్వాలన్న ఆలోచన దానికి రాదు. ఎర్రోడు రెండు పొద్దులు ప్రయత్నించాడు. మూడోనాడు గోళ్ల గీతలు మాత్రం కనబడ్డాయి, గుంట లేదు.

ఆ పడుకోబెట్టిన జాలీ హద్దు దాటకూడదు. అందుకే దడిని హద్దు మీద కాక అడుగున్నర లోపలికి కట్టుకోవాలి. అంత స్థలం లేకపోతే పక్కవాళ్ల అనుమతి ముందే తీసుకోండి. మేం బాబాయిగారిని అడిగే వేశాం. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో మామూలు ఇనప జాలీ తుప్పు పట్టి పొడి అయిపోతుంది, జింకు పూతది కానీ ప్లాస్టిక్ తొడుగుది కానీ కొనండి.

ఎత్తు సంగతి. నాటుకుక్క నాలుగు అడుగుల గోడను ఊపు తీసుకుని ఎక్కేస్తుంది. ఐదు నుంచి ఆరు అడుగులు ఉంటే నయం. అయితే గోడ పెంచే ముందు గోడ పక్కన ఏముందో చూడండి: కట్టెలమోపు, ఇటుకల దొంతర, బట్టలు ఉతికే బండ. ఇవే దాని మెట్లు. ఆరడుగుల గోడ పక్కన రెండడుగుల బండ ఉంటే అది నాలుగడుగుల గోడే.

గేట్ల దగ్గర అందరి ఇళ్లలోనూ ఒకటే లోపం. స్కూటర్ కోసం కట్టిన వాలు వల్ల గేటు కింద ఒక పక్క జానెడు ఖాళీ ఉంటుంది. పాత టైరు ముక్క వేలాడదీస్తే కుక్క మూతితో ఎత్తుకుని వచ్చేస్తుంది. వెల్డింగ్ షాపు అతన్ని పిలిచి, ఆ వాలుకు తగ్గట్టు కింద ఒక చువ్వ అతికించమనాలి. నిలువు చువ్వల మధ్య మూడు అంగుళాలకు మించి సందు ఉంటే కింది సగానికి జాలీ కట్టాలి. ఇంత చేసినా పాలబ్బాయి గేటు వేయకుండా పోతే అంతా వృథా. స్ప్రింగు కీలు పెట్టించండి. మా ఆయన గేటు చట్రానికి తాడు కట్టి, కప్పీ మీదుగా ఒక ఇటుకను వేలాడదీశారు. ఎవరు తెరిచినా దానంతటదే మూసుకుంటుంది.

చుట్టూ జాలీకి డబ్బు లేకపోతే ముందు ముగ్గు చూపించిన ఆ ఒక్క దారి మూయండి. మిగతాచోట తుమ్మకంప, రేగుకంప నాటినా కొంతకాలం ఆగుతాయి. సీమచింత, కిత్తనార వరుసగా నాటితే రెండు మూడేళ్లలో దట్టమైన కంచె అవుతుంది. అయితే కింద మొదళ్ల మధ్య సందులు మాత్రం చూసుకుంటూ ఉండాలి.

ఐదో పని: వచ్చినప్పుడు ఇంటిల్లిపాదీ ఒకేలా చేయడం

ఒకరు తరిమి, ఒకరు బిస్కెట్ వేస్తే లాభం లేదు. మా ఇంట్లో పెట్టుకున్న నియమం: చూసినవాళ్లు గట్టిగా ఒకటే మాట "పో!" అంటారు, పైపుతో చల్లనీళ్లు కాళ్ల మీద కొడతారు, అది వచ్చిన దారినే పోయేలా నిలబడతారు. దారి కాచి మూలకు నెడితే తిరగబడుతుంది. వేడినీళ్లు, వేడి గంజి పోయడం చాలా ఇళ్లలో చూశాను. దయచేసి ఆ పని చేయకండి. కాలిన చర్మంతో అది వారాల తరబడి పడే బాధ చూస్తే తట్టుకోలేరు.

పిల్లలకు నేర్పాల్సింది వేరు. పరుగెత్తవద్దు, కళ్లలోకి చూడవద్దు, చేతిలో తిండి ఉంటే కింద పడేసి చెట్టులా నిలబడాలి, చేతులు ఒంటికి ఆనించుకోవాలి, కింద పడితే ముడుచుకుని చెవులు మూసుకోవాలి. మావాడితో ఆటలాగా రోజూ ఆడించాను. "చెట్టు!" అనగానే బిగుసుకుపోతాడు.

చేయకూడనివి

నీలిరంగు నీళ్ల సీసాలు మన ఊళ్లలో ప్రతి గేటుకూ కనబడతాయి. మేమూ కట్టాం. మూడో రోజున నల్లోడు ఆ సీసా పక్కనే పడుకున్నాడు. కారం చల్లితే గాలికి మన పిల్లల కళ్లలోనే పడుతుంది. నాఫ్తలీన్ ఉండలు విషం, పసివాళ్లు మిఠాయి అనుకుని నోట్లో పెట్టుకుంటారు. ఫినాయిల్ వాసన పూట గడిస్తే పోతుంది, నాకిన జంతువుకు మాత్రం ప్రాణం మీదికి వస్తుంది.

విషం పెట్టడం ఘోరం, నేరం కూడా. భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద జంతువును చంపినా, విషం పెట్టినా, అంగవైకల్యం చేసినా ఐదేళ్ల దాకా జైలు పడవచ్చు. ఇంటి మీటరు నుంచి దడికి కరెంటు లాగడం గురించి ఒక్క మాట: పందుల కోసం అలా పెట్టిన తీగలకు తగిలి మనుషులే చనిపోయిన వార్తలు మన జిల్లాల్లో ఎన్నిసార్లు చదివామో గుర్తు చేసుకోండి.

మాట వినకపోతే

అందరికీ మా బాబాయిగారి లాంటి పక్కిల్లు దొరకదు. రెండుసార్లు మంచిగా చెప్పాక కూడా మారకపోతే, మూడోసారి పెద్దమనిషిని ఒకరిని వెంటబెట్టుకుని వెళ్లండి. తర్వాత కాగితం. పల్లెలో పంచాయతీ కార్యదర్శికి, పట్టణంలో మునిసిపల్ కమిషనర్‌కు తేదీలు, ఫొటోలు, చచ్చిన కోళ్లుంటే వాటి లెక్క జతచేసి అర్జీ ఇచ్చి, రెండో ప్రతి మీద సంతకం, ముద్ర వేయించుకోండి. ఆంధ్రలో ఊరి పశుసంవర్ధక సహాయకుడితో కూడా చెప్పించవచ్చు, చాలాసార్లు అతని మాట మన మాటకన్నా బాగా తలకెక్కుతుంది. అక్కడా కదలిక లేకపోతే సోమవారాల్లో కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు. తెలంగాణలో దాన్ని ప్రజావాణి అంటారు.

మనుషులకు ప్రమాదం కలిగేలా తన జంతువును నిర్లక్ష్యంగా వదిలేయడం న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద నేరం: ఆరు నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. కరిచినా, మీద పడినా స్టేషన్‌కు వెళ్లడానికి వెనుకాడకండి. ఆ కుక్కలు నిజంగా పక్కింటివా, వాళ్లు అన్నం పెడుతున్న వీధికుక్కలా అన్నది ముందే తేల్చుకోండి. వీధికుక్కలైతే పద్ధతి వేరు: వాటిని పట్టుకెళ్లి ఆపరేషన్, టీకా చేయించే పని స్థానిక సంస్థది.

పన్ను తగిలితే

ఆలస్యం చేయకూడని పని ఇదొక్కటే. గాయాన్ని వెంటనే కుళాయి ధార కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. గడియారం చూసి కడగండి, మనం పదిహేను అనుకున్నది మూడు నిమిషాలే అవుతుంది. పసుపు, సున్నం, కాఫీపొడి, కారం ఏదీ పెట్టకూడదు, కట్టు కట్టకూడదు. అదే రోజు ప్రభుత్వాసుపత్రికి వెళ్లాలి. చర్మంలోకి ఇచ్చే టీకా 0 (మొదటి సూది వేసిన రోజు), 3, 7, 28 రోజుల్లో వేస్తారు. రక్తం వచ్చిన గాయమైతే దాని చుట్టూ ఇమ్యూనోగ్లోబులిన్ (రేబిస్‌ను అడ్డుకునే యాంటీబాడీల మందు) కూడా వేయాలి, మనమే గుర్తు చేసి అడగాలి. పిల్లవాడి ఒంటి మీద పుండునో గీతనో కుక్క నాకినా చూపించాల్సిందే. కరిచిన కుక్కను పది రోజులు కనిపెట్టి ఉండాలి, కానీ అది బాగానే ఉందిలే అని టీకా మొదలుపెట్టకుండా ఆగకూడదు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక ఏ మందూ దాదాపుగా బతికించలేదు.

ఆ తర్వాత

జూన్‌లో తొలకరి పడగానే దడి చుట్టూ ఒకసారి నడవండి. వానకు మన్ను కొట్టుకుపోయి జాలీ అంచు పైకి తేలుతుంది, మళ్లీ కప్పాలి. సంక్రాంతి ముందు ఇంకోసారి చూడండి, మంచుకు మట్టలు కుళ్లే కాలం అది. నెలకొక రాత్రి నేను ఇప్పటికీ ఆ పడమటి మూల ముగ్గు చల్లుతాను. మొన్న చల్లినప్పుడు తెల్లారి కోడిపిల్లల కాళ్లగుర్తులు తప్ప ఏమీ లేవు. బాబాయిగారు జులైలో రెండు కుక్కలకీ టీకా వేయించి, ఆ చీటీ తెచ్చి మా అత్తగారికి చూపించారు.